పాటై పల్లెకు చేరిన పురుషోత్తముడు

అనంతపురం జిల్లా రైతుకు ఆకాశం వైపు చూడటం చిన్ననాటి నుంచే అలవాటు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. ఆ వాన కూడా ఒక్కోసారి విత్తనం వేసే రోజుల్లో రాదు, వేరుశనగకు ఊడలు దిగే రోజుల్లో ముఖం చాటేస్తుంది. అలాంటి సీమలో ఏదైనా పల్లె చర్చికి ఒక ఆదివారం ఉదయం వెళ్లి చూడండి. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒక పక్క ఆడవాళ్లు, మరో పక్క మగవాళ్లు చాపల మీద కూర్చుంటారు. పెద్దాయన ఒకరు గొంతు సవరించుకుని పల్లవి ఎత్తుకుంటారు. కంజీర మోగుతుంది, తాళాలు కలుస్తాయి. కళ్లు మూసుకుని పాడే అవ్వ చేతిలో పుస్తకం ఉండదు. ఉన్నా ఆమె చదవలేదు. అయినా మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా ఒక్క మాట కూడా తప్పిపోదు.

ఆ పాట ఎవరు రాశారో ఆ అవ్వకు తెలియకపోవచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూస్తే, పాట తర్వాత పాట కింద ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పురుషోత్తమ చౌదరి. తెలుగు క్రైస్తవులు ఆయనను క్రైస్తవ పదకవితా పితామహుడని గౌరవంగా పిలుచుకుంటారు. తాళ్లపాక అన్నమాచార్యులకు తెలుగువారు ఇచ్చుకున్న బిరుదును గుర్తుచేసే పిలుపు అది. అనంతపురానికి చాలా దూరంలో, ఒడిశా పొలిమేరలో పుట్టిన ఆ కవి పాట ఈ మెట్ట పల్లెల దాకా ఎలా వచ్చింది? ఎవరి నోట పడింది? ఆ కథ తెలుసుకుంటే, ఆదివారం మనం అలవాటుగా పాడేసే కీర్తన విలువేమిటో బోధపడుతుంది.

మూడు భాషల నడుమ పెరిగిన బాలుడు

పురుషోత్తమ చౌదరి 1803 సెప్టెంబరు 5న పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో జన్మించారు. ఆనాడు అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. తండ్రి కూర్మానాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. వారిది వంగదేశం నుంచి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం. పూర్వీకుల భాష బెంగాలీ. చుట్టుపక్కల ఊళ్లలో ఒరియా. కాస్త దక్షిణానికి నడిస్తే తెలుగు. వీటికి తోడు చదువు కోసం సంస్కృతం. ఇన్ని భాషలు చెవిన పడుతూ పెరిగిన ఆ బాలుడు చివరికి తన హృదయాన్ని చెప్పుకోవడానికి తెలుగును ఎన్నుకున్నారు. పద్యం కట్టడం, శతకం చెప్పడం, రాగతాళాలకు ఒదిగేలా పదాలు కూర్చడం నేర్చుకున్నారు. పుట్టుకతో వచ్చిన భాష కాదు గనుకనేమో, ఆయన తెలుగులో ప్రతి మాటా ఏరి కూర్చినట్టుంటుంది.

ఆయన పుట్టిన కాలం తెలుగు సంగీతానికి మహత్తర కాలం. తిరువయ్యారులో త్యాగరాజస్వామి జీవించి ఉన్న రోజులవి. చౌదరికి నలభై మూడేళ్లు నిండాకనే, 1847లో, త్యాగరాజు కన్నుమూశారు. అన్నమయ్య పదాలు తిరుమలలో రాగిరేకుల మీద ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నా, ఆయన తీర్చిన పల్లవి, చరణం అనే బాట మాత్రం తెలుగునాట అంతటా పరుచుకుని ఉంది. రామదాసు కీర్తనలు భజన గోష్ఠుల్లో వినిపించేవి. దేవుడితో మాట్లాడాలంటే, దేవుడిని నిలదీయాలంటే, దేవుడి ముందు ఏడవాలంటే తెలుగువాడికి కీర్తన ఒక సిద్ధమైన దారి. ఆ దారి చౌదరికి చిన్ననాటి నుంచే పరిచయం.

ముక్తి కోసం వెదుకులాట

యువకుడైన పురుషోత్తముణ్ణి ఒక ప్రశ్న వదల్లేదు. పాపం నుంచి మనిషికి విడుదల ఎలా? ముక్తి ఎవరిస్తారు? ఆ రోజుల్లో ఒక చిన్న తెలుగు క్రైస్తవ కరపత్రం ఆయన చేతికి వచ్చింది. నాలుగు పుటల కాగితమే అయినా, తాను వెదుకుతున్న ప్రశ్నకు జవాబు అందులో ఉందనిపించింది. అప్పటికి తెలుగులో క్రైస్తవ సాహిత్యం ఏపాటిది? 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్ సేవకులు జార్జ్ క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడ్పడ్డారు. కొద్ది ఏళ్లకే ఆ మిషనరీలిద్దరూ చనిపోయినా పని ఆగలేదు. 1820 నాటికి కొత్త నిబంధన తెలుగులో అచ్చయింది. పాత, కొత్త నిబంధనలు కలిసిన సంపూర్ణ బైబిలు అచ్చు కావడానికి మాత్రం 1850ల దాకా ఆగవలసి వచ్చింది.

ఎన్నో సందేహాలు, ఎన్నో చర్చలు, ఎంతో అంతర్మథనం తర్వాత చౌదరి ఒక నిర్ణయానికి వచ్చారు. 1833 అక్టోబరు 6న కటకంలో చార్లెస్ లేసీ అనే బాప్తిస్టు మిషనరీ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్లు.

ఈనాడు ఈ వాక్యం చదివి ముందుకు సాగిపోవడం తేలిక. ఆనాడు ఆ అడుగు ఖరీదు వేరు. ఒక బ్రాహ్మణుడు క్రైస్తవుడయ్యాడంటే కులం వెలివేస్తుంది. బంధువుల ఇంటి గుమ్మం మూతపడుతుంది. శుభానికీ అశుభానికీ పిలుపు ఉండదు. చౌదరి అప్పటికే గృహస్థుడు. భార్య రాధామణి. ఆయన ఎన్నుకున్న బాట ఆ ఇంట్లో మొదట ఎడబాటునే తెచ్చింది. కొంతకాలానికి రాధామణి భర్తను చేరుకున్నారు, విశ్వాసంలోనూ తోడుగా నిలిచారు. ఆయన కీర్తనల్లో శరణు వేడే గొంతు అంత ఆర్తిగా వినిపించడానికి కారణం ఇక్కడే ఉంది. అన్నీ పోగొట్టుకుని ఒక్క ఆసరాను పట్టుకున్న మనిషి గొంతు అది.

దొర బాణీలో ఇమడని తెలుగు

బాప్తిస్మం తర్వాత చౌదరి సువార్తికుడయ్యారు. శ్రీకాకుళం, పర్లాకిమిడి, గంజాం ప్రాంతాలు ఆయన పరిచర్యకు ప్రధాన క్షేత్రాలు. అక్కడ ఆయన ఎదుట ఒక చిక్కు నిలిచింది. నమ్మిన కొద్దిమంది ఆరాధనకు కూడుకుంటే ఏం పాడాలి?

మిషనరీలు తమ దేశంలో పాడుకునే పాటలను తెలుగులోకి మార్చి, అదే బాణీలో పాడించేవారు. వారి భక్తిని శంకించలేం. కానీ చిక్కు భాషలోనే ఉంది. ఇంగ్లీషు పాట నడక అక్షరం మీద పడే ఊనికను బట్టి సాగుతుంది. తెలుగు నడక హ్రస్వం, దీర్ఘం మీద, లఘువు గురువుల మీద నిలుస్తుంది. దేవుడు అన్న మాటే తీసుకోండి. అందులో మొదటి అక్షరం ఒక్కటే దీర్ఘం. పరాయి బాణీలో సాగదీయవలసిన స్వరం రెండో అక్షరం మీద పడితే అది దేవూడు అవుతుంది. పాడేవారికి నాలుక తడబడుతుంది, వినేవారికి నవ్వొస్తుంది. సంతలో నిలబడి అలా పాడితే, సువార్త వినక ముందే ఇదేదో సీమదొరల మతమని జనం తేల్చేస్తారు.

బబులోను నదుల ఒడ్డున కూర్చున్న యూదులు పరాయి దేశంలో యెహోవా పాట ఎలా పాడగలమని కన్నీరు పెట్టుకున్నట్టు 137వ కీర్తనలో చదువుతాం. తెలుగు క్రైస్తవుడి కష్టం దానికి తిరగబడినట్టుంది. సొంత ఊళ్లో, సొంత వాళ్ల మధ్య కూర్చుని పరాయి రాగంలో ప్రభువును పిలవాలి.

చౌదరి ఈ చిక్కును తనకు తెలిసిన దారిలోనే విప్పారు. శాస్త్రీయ రాగాలు తీసుకున్నారు. ఆది, చాపు వంటి తాళాలు తీసుకున్నారు. పల్లవి, చరణాల కట్టడిలో క్రీస్తు జననం, శ్రమలు, సిలువ, పునరుత్థానం, పశ్చాత్తాపం, శరణాగతి అన్నీ చెప్పారు. వందకు పైగా కీర్తనలు ఆయన కలం నుంచి వెలువడ్డాయి. నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ రెండు పదాలను మనం చూసీ చూడనట్టు వదిలేస్తాం. పాడేవాడు దారి తప్పకుండా పెద్దలు పెట్టిన గుర్తులవి.

పల్లవిలో ఇంకో సౌకర్యం ఉంది. ముందు పాడేవారు చరణం పాడతారు, సంఘం పల్లవి అందుకుంటుంది. చదువు రానివాడు మొదటి వారం పల్లవి నేర్చుకుంటాడు. నాలుగు వారాలు గడిస్తే చరణాలూ నోటికి వచ్చేస్తాయి. సంపూర్ణ బైబిలు ఇంకా అచ్చు కాని రోజుల్లో, అచ్చయినా చదవగలిగినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజుల్లో, తెలుగు సంఘానికి కీర్తనే వాక్యపాఠం.

త్రాహిమాం క్రీస్తు నాథ అన్న కీర్తన గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. త్రాహి అంటే కాపాడు, మాం అంటే నన్ను. తరతరాలుగా సంస్కృత స్తోత్రాల్లో వినిపించే మొర అది. చౌదరి ఆ మాటను విడిచిపెట్టలేదు. నాథుడు, శరణు, మోక్షం, కరుణ వంటి మాటలనూ విడిచిపెట్టలేదు. తన చిన్ననాటి ప్రార్థనా భాషను అలాగే తెచ్చి క్రీస్తు పాదాల దగ్గర పెట్టారు. పాత పదాలతో పాటు పాత భావాలూ వచ్చేస్తాయేమోనని భయపడటానికి ఆస్కారం లేకపోలేదు. అయితే ఆ కీర్తన పాడే విశ్వాసికి తాను ఎవరిని వేడుకుంటున్నాడో తెలుసు.

వాదం మరుగున పడింది, పాట మిగిలింది

చౌదరి పాటలే కాక గ్రంథాలూ రాశారు. యేసునాయక శతకము, నిస్తార రత్నాకరము, ముక్తిమార్గ ప్రదర్శనము, కులాచార పరీక్ష వాటిలో కొన్ని. ఆయన శతకకారుడు, వాదనలో దిట్ట కూడా. తాను విడిచివచ్చిన ఆచారాలను ఆయన తర్కించిన తీరు నేటి పాఠకులకు కొంత కటువుగా అనిపించవచ్చు. పొరుగువారి నమ్మకాలను గౌరవిస్తూనే మన నమ్మకాన్ని చెప్పుకోవడం ఈనాటి సభ్యత. ఆ రోజుల్లో అన్ని పక్షాలవారూ ఖండన మండనలకు దిగేవారు. ఆయనా ఆ కాలపు మనిషే.

కాలం చేసిన తీర్పు గమనించదగినది. ఆయన వాదగ్రంథాలు గ్రంథాలయాల బీరువాల్లోకి వెళ్లిపోయాయి. పాటలు మాత్రం గుడిసె చర్చి నుంచి రాతి దేవాలయం దాకా వినిపిస్తూనే ఉన్నాయి. వాదంలో గెలిచినవాడు ఎదుటివాడి నోరు మూయించగలడు. పాట ఎదుటివాడి నోరు తెరిపిస్తుంది. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల నడిరేయి పాడుతుంటే తక్కిన ఖైదీలు చెవి ఒగ్గి విన్నారని అపొస్తలుల కార్యముల గ్రంథం 16వ అధ్యాయం చెబుతుంది.

కరువు సీమకు చేరిన కీర్తన

ఇక రాయలసీమ సంగతి. ఈ ప్రాంతానికి క్రైస్తవం చౌదరి పుట్టక ముందే వచ్చింది. 18వ శతాబ్దపు తొలి భాగంలోనే ఫ్రెంచి జెస్యూట్ పాద్రీలు నేటి అనంతపురం ప్రాంతపు పల్లెల్లో తెలుగు నేర్చుకుని పరిచర్య చేశారు. లండన్ మిషన్ వారు 1810లో బళ్లారిలో, 1822లో కడపలో పని ప్రారంభించారు. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లా అయ్యేదాకా ఈ తాలూకాలన్నీ బళ్లారి జిల్లాలోనివే.

1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని కబళించిన మహాక్షామం బళ్లారి జిల్లాను పీల్చి పిప్పి చేసింది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతి దశాబ్దాల్లోనూ సీమ పల్లెల్లో క్రైస్తవ సంఘాల్లో చేరినవారిలో అధికులు మాల, మాదిగ వాడలవారు. ఊరి బావి నీళ్లు ముట్టుకోనివ్వనివారు. బడి అరుగు ఎక్కనివ్వనివారు. వేదమంత్రం చెవిన పడకూడదని సమాజం గిరిగీసి దూరం ఉంచినవారు.

ఆ వాడల్లో ఉపదేశి సాయంత్రం దీపం పెట్టి, పని నుంచి అలసివచ్చిన జనాన్ని కూర్చోబెట్టి పాట నేర్పితే, ఆ పాటల్లో చౌదరి కీర్తనలు ఉన్నాయి. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. సంస్కృతం, ఛందస్సు, రాగం, తాళం అన్నీ ఒక అగ్రవర్ణపు చదువు సంపద. త్రాహిమాం అన్న పిలుపు గుడి లోపలి పిలుపు. గుడి గుమ్మం తొక్కనివ్వని మనుషుల నోట ఇప్పుడు ఆ మాటే పలుకుతోంది. తప్పు పట్టేవారు లేరు. తరిమేవారు లేరు. కులాచారాన్ని పరీక్షకు నిలబెట్టి గ్రంథం రాసిన చౌదరి, ఆ గ్రంథంతో చేయగలిగిన దానికన్నా ఎక్కువ పని తన పాటతో చేశారు. తాను పుట్టిన కులం దాచుకున్న చదువును ఆ పాట వాడవాడకూ పంచిపెట్టింది.

అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాయలసీమదే. ఆ సీమలో చిగురించిన పల్లవి, చరణాల కట్టడి ఎన్నో గొంతులు దాటి, తెలుగుదేశపు ఉత్తర కొసన ఒక బెంగాలీ బ్రాహ్మణుడి చేతిలో కొత్త రూపు దిద్దుకుని, మళ్లీ సీమ పల్లెల్లోని చర్చిలకే చేరింది.

ఇక్కడే ఒక లోటునూ ఒప్పుకోవాలి. ఆ పల్లెల్లో పుట్టిన డప్పుకు మాత్రం చాలాచోట్ల చాలాకాలం చర్చి లోపలికి పిలుపు రాలేదు. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది, డప్పు బయటే నిలబడింది. చావుకూ జాతరకూ కొట్టే వాద్యమని పక్కన పెట్టారు. ఇటీవలి దశాబ్దాల్లో కొన్ని సంఘాలు దాన్ని ఆరాధనలోకి తెచ్చుకుంటున్నాయి. వాడ గొంతుకు తలుపు తెరిచిన సంఘం వాడ వాద్యానికి తలుపు తెరవడానికి ఇంత ఆలస్యం చేసిందంటే, ఆ తప్పు చౌదరిది కాదు, మనది.

పల్లవి అందుకునేదెవరు?

పురుషోత్తమ చౌదరి 1890 ఆగస్టు 23న ప్రభువు సన్నిధికి చేరారు. మరో రెండు వారాలు గడిస్తే ఎనభై ఏడేళ్లు నిండేవి. బాప్తిస్మం తీసుకున్న ముప్పయ్యో ఏట నుంచి సుమారు యాభై ఏడేళ్ల విశ్వాస యాత్ర ఆయనది. ఆయన వేసిన బాటలో పులిపాక జగన్నాథం, ముంగమూరి దేవదాసు వంటి ఎందరో నడిచారు. వారందరి పాటలు కలిసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథం లూథరన్, బాప్తిస్టు, దక్షిణ ఇండియా సంఘం అనే తేడాలేకుండా తెలుగు సంఘాలను ఒకే గొంతుగా కలిపింది. సిద్ధాంతాల దగ్గర విడిపోయినవారు పాట దగ్గర కలుసుకున్నారు.

ఇప్పుడు అనంతపురం పల్లె చర్చిల్లోనూ కీబోర్డులు, రిథమ్ ప్యాడ్లు, పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. మంచిదే. కొత్త పాట వద్దనడానికి మనమెవరం? యెహోవాకు కొత్త కీర్తన పాడమని 96వ కీర్తనే ప్రోత్సహిస్తోంది. చౌదరి కీర్తన కూడా ఒకనాడు కొత్త పాటే. అసలు ప్రశ్న వేరు. ఆదివారం పాడేది సంఘమా, లేక వేదిక మీది నలుగురేనా? స్పీకరు హోరులో వెనక వరుస అవ్వ గొంతు ఆమెకే వినబడకపోతే, ఆమె వినేదిగా మిగిలిపోతుంది. చౌదరి పాట ఆమెను పాడేదిగా చేసింది. క్రీస్తు వాక్యం మనలో సమృద్ధిగా నివసించాలంటే కీర్తనలతో, సంగీతాలతో, ఆత్మసంబంధమైన పాటలతో ఒకరికొకరు బోధించుకోవాలని కొలస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో పౌలు చెప్పింది సంఘమంతటికీ.

అందుకని ఒక చిన్న పని చేయవచ్చు. నెలలో ఒక ఆదివారమైనా ఒక పాత కీర్తన ఎన్నుకోండి. దాని నెత్తిన ఉన్న రాగం ఏమిటో తెలిసినవారిని అడగండి. కఠిన పదాల అర్థం పిల్లలకు చెప్పండి. సంఘంలోని పెద్దవాళ్లను ముందుకు పిలిచి, పాత వరుసలో పాడించి, ఆ వరుసను ఫోనులోనైనా దాచుకోండి. పుస్తకంలో రాగం పేరు మిగిలినా, పాడే వరుస ఆ గొంతులతోనే వెళ్లిపోతుంది. తర్వాత వెదికినా దొరకదు.

దావీదు యూదా అరణ్యంలో ఉన్నప్పటి పాటగా పేరున్న 63వ కీర్తనలో ఎండిన భూమి, నీళ్లు లేని దేశం కనిపిస్తాయి. అలాంటి చోట నిలబడి దేవుడి కోసం దప్పిగొన్నానని ఆయన పాడుకున్నాడు. అనంతపురం రైతుకు ఈ కీర్తనను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఈ ఆదివారం కూడా మేఘం వచ్చి వెళ్లిపోయి ఉండవచ్చు. చర్చిలో మాత్రం పెద్దాయన పల్లవి ఎత్తుకుంటారు. అవ్వ కళ్లు మూసుకుని అందుకుంటుంది. ఆమె పక్కన కూర్చున్న మనవడు కూడా ఆ పల్లవి అందుకుంటే, మదనాపురంలో పుట్టిన ఆ కవి పాటకు మరో తరం దొరికినట్టే.